తప్పిన ప్రమాదం, తప్పని తిట్లు

ప్రమాదం జరిగితే దానికో లెక్క ఉంటుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పింది. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళుతున్నవారే. వెంట్రుకవాసిలో తప్పిపోయిన ప్రమాదానికి మాత్రం ఏ రిజిస్టరులోనూ చోటు లేదు. ఎవరో వెనక్కి చూడకుండా కారు తలుపు తీస్తారు, ఇండికేటర్ వేయకుండా లారీ మన ముందుకు తిరుగుతుంది, బ్రేకు పడి బతికిపోతాం. ఆ తర్వాతి అర నిమిషంలో రోడ్డు మీద జరిగేదాని గురించి ఈసారి రాయాలనిపించింది. ఇది చిన్న విషయమని నేను అనుకోవడం లేదు.

బండి మీద ఉన్నది మగవాడైతే అరుస్తాడు. కొందరు వెంటపడి, సిగ్నల్ దగ్గర పట్టుకుని, కారు అద్దం మీద చేత్తో బాదుతారు. అవతలివాడూ దిగుతాడు. ఒకరి తల్లినీ చెల్లినీ మరొకరు తిట్టుకుంటారు. ఆ తల్లీ ఆ చెల్లీ ఆ సమయానికి ఎక్కడో తమ పనిలో తాముంటారు, నడిరోడ్డు మీద వాళ్ల శరీరాలతో ఈ పంచాయితీ నడుస్తుంటుంది. నలుగురూ చేరి "పోనీలే అన్నా" అని సర్దిచెబితే ఎవరి దారిన వాళ్లు పోతారు. ఇద్దరిలో ఎవరినీ ఇక బండి తీయొద్దని ఎవరూ అనరు.

ఆడమనిషి అయితే తప్పెవరిదన్న విచారణే ఉండదు. నిరుడు మా కాలనీ మలుపులో ఒక కారు రాంగ్ రూట్‌లో వచ్చి నా బండి ముందు చక్రానికి జానెడు దూరంలో ఆగింది. నడుపుతున్నాయన అద్దం దించి "చూసుకుని రావాలి కదమ్మా" అన్నాడు. పాన్ డబ్బా దగ్గర నిలబడ్డవాళ్లు "లేడీస్ అంతేలే" అని నవ్వారు. రాంగ్ రూట్‌లో వచ్చింది మీరని నేను గట్టిగా అనేసరికి చర్చంతా నా గొంతు మీదికి మళ్లింది. ఆడది అంత అరవాలా అన్నారు. రాంగ్ రూట్ సంగతి ఎటు పోయిందో!

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఒక ముచ్చట ఉంది. మోటారు సైకిల్ వెనుక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా, వెనుక చక్రానికి కనీసం సగం మేర కప్పు ఉండాలట. మంచి నిబంధనే. బండి మీద ఆడవాళ్ల చోటు వెనుక సీటేనన్న ఊహ మాత్రం చాలామందికి ఇంకా పోలేదు.

అసలు నష్టం ఇంటి దగ్గర ఉంది. మండలాల్లో తిరిగే కార్యకర్తలతో మాట్లాడినప్పుడల్లా ఒక మాట వింటుంటాను: "ఇంట్లో చెప్పలేదక్కా, చెబితే తాళాలు తీసేసుకుంటారు." చివరి బస్సు ఐదింటికే వెళ్లిపోయే ఊళ్లలో పనిచేసే అమ్మాయికి బండి తాళం పోతే ఉద్యోగం పోయినట్టే. తప్పు చేసిన లారీ మర్నాడు కూడా అదే రోడ్డు మీద తిరుగుతుంది. మానుకోవాల్సింది ఈమె. అందుకే చేతులు వణుకుతున్నా, మోకాలు గీరుకుపోయినా ఎవరికీ చెప్పకుండా కడుక్కుని పడుకుంటుంది. భయం పంచుకోవడానికి కూడా వీల్లేని పరిస్థితి అది.

అలాగని వెంటపడి కొట్టడం మనం నేర్చుకోవాలని నేననను. ఆ కోపానికి ధైర్యం కన్నా లెక్క ఎక్కువ. పెద్ద కారుకు దారిచ్చి ఆటో డ్రైవర్ కాలరు పట్టుకుంటుంది, ఆర్టీసీ డ్రైవర్ మీద చెయ్యెత్తుతుంది. పైగా ఒంటరి రోడ్డులో ఎవరినైనా వెంబడించడం మనకే ప్రమాదం.

చట్టం మనం అనుకున్నదాని కన్నా మన వైపే ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్ (మునుపటి ఐపీసీ 279) ప్రకారం, మనిషి ప్రాణానికి అపాయం కలిగేలా లేదా దెబ్బ తగిలే అవకాశం ఉండేలా బహిరంగ రోడ్డు మీద నిర్లక్ష్యంగా నడపడమే నేరం. 6 నెలల దాకా జైలు, 1000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దెబ్బ తగిలి తీరాలని అందులో ఎక్కడా లేదు. "ఏం కాలేదు కదమ్మా, ఇంకేంటి?" అని స్టేషన్‌లో అడిగితే ఈ సెక్షన్ చూపించాలి. స్త్రీ మర్యాదకు భంగం కలిగించాలని బూతు మాట అన్నా, సైగ చేసినా 79వ సెక్షన్ వర్తిస్తుంది, దానికి 3 ఏళ్ల దాకా శిక్ష ఉంది. కేసు తేలుతుందా అంటే హామీ ఇవ్వలేను. కాగితం మీద పడితే ఒక లెక్క అంటూ మొదలవుతుంది.

అందుకు కావాల్సింది కొద్దిపాటి నిదానం. బండి పక్కకు తీసి ఆపి, నంబరు పైకి చదువుకుని రాసుకోవాలి, చూసినవాళ్లలో ఒకరి ఫోన్ నంబరు అడగాలి. వణుకు తగ్గేదాకా బయలుదేరకూడదు. సంస్థలు కూడా తమ వంతు చేయాలి. కార్యకర్తకు హెల్మెట్ కొనివ్వని సంస్థ, చీకటి పడ్డాక మూడు ఊళ్లు తిరిగి రమ్మనే సంస్థ హక్కుల గురించి కరపత్రాలు వేస్తే ఏం లాభం?

వచ్చే సమావేశానికి జిల్లాల నుంచి వచ్చేవాళ్లు ఈ మూడు నెలల్లో తమకు తప్పిన ప్రమాదాలను రాసి తీసుకురండి. ఎక్కడ, ఏ వేళప్పుడు, అవతలి బండి ఏది, చుట్టూ ఉన్నవాళ్లు ఏమన్నారు, ఇంట్లో చెప్పారా లేదా.