సద్ది ఎవరు కట్టాలె, గుట్ట ఎవరు ఎక్కాలె?

ఆదివారం గుట్ట ఎక్కుదాం అని ఇంట్లో ఎవరైనా అన్నారంటే మగవాళ్లకు అది ఒక రోజు సంబరం. మనకు మాత్రం రెండు రోజుల పని. శనివారం సాయంత్రం చింతపండు నానబెట్టడంతో మొదలై, ఆదివారం రాత్రి జిడ్డు డబ్బాలు తోమడంతో ముగుస్తుంది. మధ్యలో గుట్ట ఒకటి ఉంటుంది. దాన్ని మనలో చాలామందిమి కింద నుంచే చూసి వస్తాం.

అందుకే ఒక మాట గట్టిగా అంటున్నాను. ఇంటి ఇల్లాలు పైదాకా ఎక్కని ప్రయాణాన్ని ఫ్యామిలీ ట్రిప్పు అనకండి. అది మగవాళ్ల ట్రిప్పు. మనం వంటమనిషిగా, సంచుల కాపలాగా వెళ్లాం, అంతే.

మన రామగిరి ఖిల్లానే తీసుకుందాం. బేగంపేట దగ్గర గుట్ట మీద కోట. 2016లో పెద్దపల్లి జిల్లా అయింది గాని, అంతకుముందు మన కరీంనగర్‌లోదే. రాముడు తిరిగిన గుట్ట అని పెద్దల నమ్మకం. వనమూలికలకు పెట్టింది పేరు. శ్రావణమాసంలో జనం బాగా వస్తారు. పొద్దున బయలుదేరి, నిదానంగా ఎక్కి, చూసి, సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. హిమాలయం కాదు, ఎవరికీ అందనిది కాదు. అయినా మా వీధిలో ఒక అక్క మూడుసార్లు అక్కడికి పోయి మూడుసార్లూ పై కోట చూడలేదు. 'నువ్వెక్కలేవు గని, సామాన్లు చూస్కుంట ఈడనే కూసో' అన్నారట. ఆమె పొద్దున మూడింటికి లేచి పన్నెండు మందికి పులిహోర కలిపిన మనిషి. అప్పుడు లేని అలసట గుట్ట కిందికి రాగానే ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ 'ఎక్కలేవు' అనే మాట సంగతి చూద్దాం. ఆదిలాబాద్ అడవుల్లో ఎండాకాలం తునికాకు ఏరేది ఎవరు? తెల్లారకముందే లేచి అడవిలో పడి, ఆకు కోసి, మూట నెత్తిన పెట్టుకుని దిగేది ఎక్కువగా ఆడవాళ్లే. కట్టెల మోపులు మోసింది ఆడవాళ్లే. పని కోసం ఎక్కినప్పుడు ఎవరూ మోకాళ్ల గురించి అడగలేదు. ఊరికే, మనసు కోసం ఎక్కుతానన్నప్పుడే అందరికీ మన ఆరోగ్యం గుర్తొస్తుంది.

మన పక్క జిల్లా నిజామాబాద్‌లోని పాకాల ఊరి పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు 13 ఏళ్ల 11 నెలలు. 'ఆమె పిల్ల కదా, మనం సంసారులం' అంటారేమో. జపాన్‌లో జుంకో తబెయ్ అనే ఆవిడ 1969లో ఆడవాళ్ల కోసమే పర్వతారోహణ క్లబ్బు పెట్టింది. ఎవరెస్టుకు డబ్బు సాయం అడగబోతే, ఇంట్లో పిల్లల్ని పెంచుకోక మీకెందుకు ఇవన్నీ అన్నారు. 1975 మే 16న ఆమె ఎవరెస్టు మీద నిలబడింది, ఆడవాళ్లలో మొట్టమొదట. అప్పటికి ఆమె చిన్న పాప తల్లి. మనల్ని ఎవరూ ఎవరెస్టు ఎక్కమనడం లేదు. రామగిరి పైకి చేరడానికి ఒక పూట అడుగుతున్నాం.

కొండ నడకకు టైము ఎంత పడుతుందో లెక్కగట్టే సూత్రం ఒకటుంది. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన చెప్పాడు. గంటకు మూడు మైళ్ల నడక, ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకు ఇంకో గంట కలుపుకోవాలి. ఇప్పటికీ చాలామంది దీన్ని వాడతారు. మంచి లెక్కే. కానీ అందులో దూరం ఉంది, ఎత్తు ఉంది, పొయ్యి ముందు నిలబడ్డ మూడు గంటలు లేవు. నిద్ర చాలక, ఏమీ తినక బయలుదేరిన మనిషి సగం దారిలో ఆగిపోతే అది ఆమె చేతకానితనమా, ప్లాన్ వేసినవాళ్ల తప్పా? మీరే చెప్పండి.

'మిమ్మల్ని ఎవరాపారు, బయటి తిండి వద్దని వంట మొదలుపెట్టేది మీరే కదా' అని ఎదురు ప్రశ్న వస్తుంది. అందులో కొంత నిజముంది. చేత్తో వండి పెట్టడం మనకూ ఇష్టమే. కానీ ఇష్టం ఉన్న పనికి సెలవు ఉండకూడదా? ముందురోజు చేసిన సర్వపిండి, అరటిపళ్లు, పల్లీపట్టీలు, దారిలో ఇడ్లీ చాలు. ఒక్క పూట పులిహోర లేకపోతే ఎవరి ప్రాణం పోదు.

ఇంకో మాట ఎవరూ పైకి అనరు. మనం నీళ్లు తాగం. దారిలో బాత్రూమ్ ఉండదనే భయంతో పొద్దున్నుంచీ నోరు కట్టేసుకుంటాం. ఎండలో నడుస్తూ నీళ్లు తాగకపోతే కళ్లు తిరుగుతాయి, వడదెబ్బ తగులుతుంది, మూత్రంలో మంట మొదలవుతుంది. అప్పుడు 'చూశావా, ఎక్కలేవని చెప్పలేదా' అంటారు. మగవాళ్లు ప్లాన్ వేస్తే పెట్రోలు బంకు ఎక్కడుందో చూస్తారు, మరుగుదొడ్డి ఎక్కడుందో చూడరు. గుట్ట మీద ఉంటుందని నమ్మి బయలుదేరకండి. పెద్దపల్లిలోనే ఆగండి. పైన అవసరమైతే ఒకరు పాత చున్నీ అడ్డం పట్టాలి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. నెలసరి రోజులైతే ప్యాడ్లు, పాత పేపరు, ఒక కవరు పెట్టుకోండి. వాడినది అక్కడ పారేయకుండా ఇంటికి తెచ్చేయండి. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉండాలి. ఎవరి నీళ్లు వాళ్లే మోయాలి, కొడుకైనా సరే, మొగుడైనా సరే.

ఎండాకాలం ఆ ఆలోచనే వద్దు. రామగుండం వైపు ఎండలు ఎట్లుంటాయో మనకు తెలియనిది కాదు. శ్రావణంలో పచ్చగా ఉంటుంది, కానీ వాన పడితే రాళ్లు జారుతాయి. నన్నడిగితే కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మేలు. అయితే చలికాలం పొద్దు త్వరగా గుంకుతుంది. పన్నెండు గంటలకు ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలని ముందే అనుకోండి. చీరకన్నా పంజాబీ డ్రెస్సు నయం, చెప్పులకన్నా పట్టున్న బూట్లు నయం. అత్తమ్మ ఏమంటుందో అని ఆలోచించకండి, జారి పడితే మంచం దగ్గర చాకిరీ ఆమెకే పెరుగుతుంది. కోతులుంటాయి, తిండి చేతిలో ఊపుతూ నడవకండి. ఎప్పటికి తిరిగి వస్తారో ఇంటి దగ్గర ఒకరికి చెప్పి వెళ్లండి. మూలికలు కనిపిస్తే చూడండి, పీకకండి.

మోకాళ్ల మాట నిజమే, నలభై దాటాక నొప్పులు ఉంటాయి. నెల రోజుల ముందు నుంచి మానేరు డ్యాం కట్ట మీద రోజూ నడవండి, ఇంటి మెట్లు పదిసార్లు ఎక్కి దిగండి. నొప్పి మరీ ఎక్కువైతే డాక్టరును అడగండి. 'నీకెందుకు' అన్నవాళ్లను అడగకండి.

అన్నిటికన్నా పెద్ద నియమం ఇది. గుంపులో అందరికన్నా మెల్లగా నడిచే మనిషే ముందు నడవాలి, మిగతావాళ్లు ఆమె వెనక రావాలి. వేగంగా పోయేవాళ్లు ముందు పోతే మెల్లగా నడిచేది వెనకబడుతుంది, వెనకబడ్డదాన్ని 'కూసో' అనడం సులువు. ఆమె ముందుంటే ఎవరూ అనలేరు.

ఈసారి ఇంట్లో గుట్ట మాట వస్తే, ఏం వండాలని కాదు, ఎవరెవరు పైదాకా వస్తున్నారని మొదట అడగండి. సంచులకు కాపలా కావాలంటే సంచులే తగ్గించండి. వచ్చాక డబ్బాలు ఎవరు తోముతారో కూడా బయలుదేరకముందే తేల్చుకోండి.