బ్యాటరీ పోయిందా, మనమే పోగొట్టామా?

మేము తమిళంలో చదువుకున్నవాళ్లం, తెలుగులో తప్పులుంటే సర్దుకోండి.

చిక్కపేటలో మన హాలు ఇన్వర్టర్ బ్యాటరీ మూడేళ్లకే పోయింది. సరుకు మంచిది కాదని మీటింగులో అందరూ అన్నారు. మేము ఒప్పుకోం. మూత తీసి చూస్తే నీళ్లు ప్లేట్ల కిందికి దిగిపోయి ఉన్నాయి.

కారు బ్యాటరీ ముఖ్యంగా బండి స్టార్ట్ చేయడానికి. దాని ప్లేట్లు పలుచన. ఇన్వర్టర్‌కీ, లోపలే వండుకుని పడుకునే క్యారవాన్ బండికీ కావలసింది వేరే రకం. దాని ప్లేట్లు మందం, గంటల తరబడి కరెంటు ఇస్తుంది. బాగా చూసుకుంటే ఐదారేళ్లు వస్తుంది. కానీ మాటిమాటికీ సగానికి మించి వాడేసి, అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే సుమారు 12.7 చూపిస్తుంది. ఏ లోడూ లేనప్పుడు 12.2 చూపిస్తే సగం అయిపోయినట్టే. మనది మెట్ల కింద గాలాడని మూలలో ఉంది; వేడి కూడా దాని ఆయుష్షు తినేస్తుంది.

రైల్వేలో మేము గుమాస్తాలమే, ఎలక్ట్రీషియన్లం కాదు. అయినా పెట్టెల కింద బ్యాటరీలు చూసి, నీళ్లు పోసి, రిజిస్టరులో రాసేవాళ్లను చూశాం. పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్, కుళాయి నీళ్లు కావు.

కొత్తదానికి మా వంతు చందా ఇస్తాం. ముందు ఒక నోటుబుక్కు కొనండి. నెలకోసారి నీళ్లు చూసినవారు తేదీ వేసి సంతకం పెట్టాలి. మొదటి ఆరు నెలలకు మా పేరు రాసుకోండి.