పరామర్శకు రాని జనం

2020 జూన్ 26న శ్రీకాకుళం జిల్లా పలాసలో ఒక పెద్దాయన పోయాడు. కరోనా భయంతో ఊళ్లు తలుపులేసుకున్న రోజులు. పీపీఈ కిట్లు తొడుక్కున్న సిబ్బంది శవాన్ని జేసీబీ బకెట్‌లో వేసి శ్మశానానికి పట్టుకుపోయారు. ఎవరో సెల్‌ఫోన్‌లో తీశారు. అది చూసి ముఖ్యమంత్రీ, ప్రతిపక్ష నాయకుడూ ట్విటర్‌లో స్పందించారు. మున్సిపల్ కమిషనర్, శానిటరీ ఇన్‌స్పెక్టర్ సస్పెండయ్యారు. తీసినవాణ్ని నేను తప్పుపట్టను. ఆ వీడియో లేకుంటే మరో శవానికీ అదే బండి వచ్చేదేమో.

నా పేచీ తర్వాత జరిగినదానితో. చర్య తీసుకున్నాక కూడా వీడియో ఆగలేదు. దానికి ఏడుపు పాట తగిలించినవాళ్లున్నారు, స్టేటస్ పెట్టుకున్నవాళ్లున్నారు. మరుసటేడు ఏప్రిల్‌లో మందస మండలానికి చెందిన ఒక తల్లి శవాన్ని, అంబులెన్సు దొరక్క, కొడుకూ అల్లుడూ మోటార్‌సైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకుపోయారు. ఆ ఫొటో దేశమంతా తిరిగింది. 2025 నవంబరు 1న, ఏకాదశి శనివారం, కాశీబుగ్గ వెంకటేశ్వరస్వామి గుడి తొక్కిసలాటలో తొమ్మిది మంది పోయారు, ఎక్కువమంది ఆడవాళ్లే. రెయిలింగుల దగ్గర ఇరుక్కుని ఊపిరాడక చేతులు చాస్తున్న మనుషులు మన అరచేతిలోకి వచ్చేశారు. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగితే "వీడియో నీకొచ్చిందేటి?" అన్నారు గానీ "ఎవులు పోయారు?" అని అడగలేదు.

మన ఊళ్లలో రహస్యం ఎప్పుడేడ్చింది అంటారు. నిజమే. గోడా గోడా కలిసిన ఇళ్లు. ఒకింటి తగువు వీధంతా వింటుంది. కానీ విన్నవాళ్లే తెల్లారి వచ్చి సర్దిచెబుతారు. చావైతే పాడె మోస్తారు, పొయ్యి వెలగని ఇంటికి అన్నం పంపుతారు. ఫోన్‌లో చూసినవాడికి ఆ పని లేదు. పరామర్శకు రానక్కర్లేదు, పైగా బాగా చూడొచ్చు, వెనక్కి తిప్పి మళ్లీ చూడొచ్చు. దుబాయ్‌లో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో తండ్రిని కడసారి చూసుకోవడం వేరు, ఆ కాల్ స్క్రీన్‌షాట్ ఊరి గ్రూపులో పడడం వేరు.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టమేమో మనిషి సొంతానికీ ఇంటి అవసరానికీ వాడుకునే సమాచారం జోలికి రాదు. మరి మూడొందలమందున్న ఊరి గ్రూపు ఇల్లా, వీధా?

గోప్యత మాటెత్తి ముందుగా ఫోన్లు లాక్కునేది అధికారులే, అదీ తెలుసు. అందుకే అసలు తీయొద్దనే వాదన నాకు పడదు. జేసీబీ కనబడాలి, బండి నంబరు కనబడాలి, పక్కన నిలబడి చూస్తున్న ఉద్యోగి కనబడాలి. చనిపోయినాయన మొహం, గుమ్మంలో కూలబడ్డ ఇల్లాలి మొహం లేకపోయినా సస్పెన్షన్ ఉత్తర్వు ఆగదు.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతంలో బాధితుల మొహాలు చూపించే ఈ అలవాటు ఇంకా ముదిరింది. కవిటి, సోంపేట వైపు కిడ్నీ జబ్బున్న ఇల్లని తెలిస్తే సంబంధాలు తప్పిపోతాయని భయపడేవాళ్లున్నారు. అలాంటి గుమ్మంలోనే డయాలసిస్ రోగి చేతిలో పదివేల పింఛను పెట్టి, నోట్లు విసనకర్రలా విప్పించి, ఫొటో తీసి, గంటలో ఫేస్‌బుక్‌లో పెడతారు. తీయొద్దనే ధైర్యం ఆ మనిషికెక్కడిది? పింఛను ఇచ్చేవాడే కెమెరా కూడా పట్టుకొచ్చాడాయె. రోగి వీపు వైపు నుంచి తీసుకోండి బాబూ. నాయకుడి మొహం అప్పుడే ఇంకా బాగా పడుతుంది.