చదువరి కొలతే ప్రమాణం

బంగారుపేట నుంచి సాగే రైలుమార్గానికి మారికుప్పం చివరి స్టేషను. 2001లో బంగారు గనులు మూతపడ్డాక, ఒకప్పుడు నోటీసుబోర్డు మీద చదివిన ప్రకటనలను అక్కడి కుటుంబాలు ఇప్పుడు వెబ్‌సైట్లలో వెదుక్కోవలసి వస్తోంది. ఇటీవల అక్కడ ఒక తెలుగు పెద్దాయన ఇంటికి వెళ్లాను. చూపు మందగించిన ఆయన కోసం మనుమరాలు కంప్యూటరులోని బ్రౌజరులో అక్షర పరిమాణాన్ని 24 పిక్సెళ్లకు పెంచింది. తక్కిన పుటలు ఆ మేరకు పెద్దవయ్యాయి. ఒక కార్యాలయం తెలుగులో వెలువరించిన ప్రకటన మాత్రం చీమలబారుగానే మిగిలింది. “గడువెప్పుడో చూసి చెప్పు నాయనా” అని ఆయన నన్ను అడగవలసి వచ్చింది. మాతృభాషలో ఉన్న ప్రకటనకు సైతం పరుల కన్ను అరువు తెచ్చుకోవలసిన దుస్థితి ఇది.

దీనికి కారణం సాంకేతికమే గాని అనివార్యం కాదు. బ్రౌజర్లలో అక్షరాల సహజ పరిమాణం సాధారణంగా 16 పిక్సెళ్లు. దానిని మార్చుకునే అధికారం చదువరికి ఉంది. రూపకర్త అక్షరాన్ని “12 పిక్సెళ్లు” అని శాసిస్తే ఆ అధికారం చెల్లదు. శాతంలోనో, రెమ్ అనే సాపేక్ష ప్రమాణంలోనో చెబితే చదువరి కొలతే మూలమవుతుంది. ఒకటిన్నర రెమ్‌ల శీర్షిక 16 ఎంచుకున్నవారికి 24గా, 24 ఎంచుకున్నవారికి 36గా కనబడుతుంది. ఎమ్ అనే మరో ప్రమాణం తనను చుట్టిన భాగాన్ని బట్టి లెక్కకు వస్తుంది, 0.8లో 0.8 ఇమిడితే 16 కాస్తా పదికి దిగజారుతుంది. కనుక మూలాన్ని నూరు శాతంగా ఉంచి, రెమ్‌లలో కొలవడం క్షేమం.

జూమ్ చేసుకోవచ్చు గదా అని కొందరంటారు. నిజమే, నేటి బ్రౌజర్లలో జూమ్ చేస్తే పిక్సెళ్లలో చెప్పిన అక్షరమూ పెరుగుతుంది. అక్షరాలు రెండింతలు పెరిగినా పుట చెదరరాదని అంతర్జాతీయ ప్రమాణాలు 2008లోనే నిర్దేశించాయి. కాని చదువరి తన అవసరాన్ని ఒకమారు బ్రౌజరుకు విన్నవించాక, ప్రతి గడప వద్దా మళ్లీ విన్నవించుకోవాలనడం న్యాయమా?

తెలుగు లిపికి మరొక చిక్కుంది. గుణింతం పైకి, వత్తు కిందికి విస్తరించే లిపి మనది. పంక్తి ఎత్తును పిక్సెళ్లలో బిగించి, పెట్టె దాటిన భాగం కనబడకుండా చేస్తే అక్షరం పెరిగినప్పుడు వత్తు తెగిపోతుంది. అప్పుడు “పట్టా” కాస్తా “పటా” అవుతుంది. “హక్కు” కాస్తా “హకు” అవుతుంది. పంక్తి ఎత్తు సైతం అక్షరంతో పాటు పెరగాలి. పుట తెలుగులో ఉందని దాని కోడులో ప్రకటించాలి కూడా. ఫైర్‌ఫాక్స్‌లో ఒక్కొక్క భాషకు ఒక్కొక్క పరిమాణం ఎంచుకునే వీలుంది. పుట తన భాషను కన్నడమనో ఇంగ్లీషనో చెబితే తెలుగుకు మనం చేసుకున్న ఏర్పాటు వ్యర్థమవుతుంది.

జిల్లా, తాలూకా జనాభాలో అల్పసంఖ్యాక భాషీయులు 15 శాతం ఉన్నచోట ముఖ్య ప్రకటనలు వారి భాషలో వెలువడాలన్నది దేశం అంగీకరించిన భాషా రక్షణలలో ఒకటి. చదవరాని ప్రకటనతో ఆ రక్షణ నెరవేరినట్లు కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షను సమాచార సాధనాల అందుబాటును ప్రభుత్వ బాధ్యతగా చేసింది. డిజిటల్ అందుబాటు 21వ అధికరణంలోని జీవించే హక్కులో అంతర్భాగమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. భాషా హక్కూ, అందుబాటు హక్కూ వేర్వేరు చట్టాలలో ఉన్నా, మారికుప్పం పెద్దాయన కంటికి రెండూ ఒకటే.

కనుక మన కోరికలు నాలుగు. తెలుగు ప్రకటనలను బొమ్మలుగా గాక, పరిమాణం మార్చదగిన యూనికోడ్ పాఠంగా ఉంచాలి. అక్షరాలను సాపేక్ష ప్రమాణాలలో కొలవాలి. వత్తులకు చోటివ్వాలి. పుట భాషను తెలుగుగా ప్రకటించాలి. వీటికి వేరే నిధులు అక్కరలేదు, శ్రద్ధ చాలు.

సరిహద్దు జిల్లాల కుటుంబాలు చేయవలసినదీ ఉంది. ఇంట్లోని పిల్లలచేత బ్రౌజరు సెట్టింగులలో పెద్దల చూపుకు తగిన పరిమాణం పెట్టించండి. ఆ పరిమాణాన్ని మన్నించని ప్రభుత్వ పుట కనబడితే ఆ కార్యాలయానికి అర్జీ పెట్టండి. తెలుగులోనే పెట్టండి. దేశంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం చేసుకునే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం మనకిచ్చింది. వాడుకుంటేనే అది హక్కుగా నిలుస్తుంది.