నడుం వంగిన కాడికే ఆసనం

ఉదయగిరి కొండ కింద కొందరం, ఆత్మకూరులో కొందరం తెల్లవారుజామున యోగాకు చాపలు పరుస్తున్నాం. అందరం కూర్చుని ఈ మాటలు రాసుకున్నాం.

పతంజలి చెప్పిన ఎనిమిది అంగాల్లో ఆసనం మూడోది, ప్రాణాయామం నాలుగోది. వాటికి ముందున్నవి అహింస, సత్యం, ఈశ్వర ప్రణిధానం వంటి యమ నియమాలు. యోగా శిబిరాలేమో మొదటి రెండు మెట్లూ దాటేసి మూడోదాని మీద కాలు పెడుతున్నాయి.

మా అహింస కీళ్ల దగ్గర మొదలవుతుంది. ఉదయగిరి మెట్టలో ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను బిగుసుకుపోయినవాళ్లున్నారు. అలాంటి పెద్దాయన ఒకర్ని ఓ శిబిరంలో "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ వీపు నొక్కి వంచారు. పది రోజులు మంచం దిగలేదాయన. అందుకే మాలో ఎవరూ ఎవరి వీపూ నొక్కరు. పశ్చిమోత్తానాసనంలో వేళ్లు మోకాళ్ల దగ్గర ఆగిపోతే అక్కడికే ఆసనం. కుర్చీలో కూర్చుని చేసినా చేసినట్టే. సరిదిద్దడానికైనా సరే, అడగకుండా ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదు.

కపాలభాతి, భస్త్రికలు బీపీ, గుండెజబ్బు, హెర్నియా ఉన్నవాళ్లకూ గర్భిణులకూ నేర్పం. కొత్తవాళ్ల చేత ఊపిరి బిగబట్టే కుంభకం పట్టించం. రోళ్లు పగిలే మే నెలలో ఏడింటికల్లా చాపలు చుట్టేస్తాం. షుగరు మాత్రలు మానెయ్యమని చెప్పేవాడికి మాలో చోటు లేదు. మా సత్యం అంతవరకూ గట్టిది.

నర్ది, బిక్కి కర్రతో చెంచాలు, గరిటెలు చేసే ఉదయగిరి పనివాళ్లు రోజంతా నేలమీద వంగే ఉంటారు. వాళ్లని మళ్లీ ముందుకు వంచడమేమిటి? భుజంగాసనం చాలు, అదీ మెల్లగా. చెక్క ఎక్కడ చీలుతుందో ముందే కనిపెట్టి ఆకురాయి తేలిక చేసే ఆ చేతుల్ని మా గురువులు ఓసారి చూసి రావాలి. వాళ్లలో ముస్లింలున్నారు. ఈశ్వర ప్రణిధానమంటే వాళ్లకు అల్లా తలపే. ఓంకారం అనేవాళ్లు అంటారు, అననివాళ్లు ఊరకుంటారు. ఎందుకని అడగం.

అమెరికాలో యోగా గురువు బిక్రమ్ చౌదరి 26 ఆసనాల వరసకు కాపీరైటు కోరితే 2015లో అక్కడి అప్పీళ్ల కోర్టు కాదంది. మాకూ ఈ యోగం ఇంకొకరు ఇచ్చిందే, కాబట్టి రుసుము లేదు.

2025 జూన్ 21న, యోగా దినోత్సవాన, విశాఖలో లక్షల మంది ఒక్కసారిగా ఆసనాలు వేశారు. సంతోషం. మా హాజరు పుస్తకం 22 నుంచి చూస్తాం.

ఈ కాగితం రెండు ఊళ్లలోనూ గోడకు అంటిస్తాం. కొత్తవాళ్లకు చాప ఇచ్చేముందు చదివి వినిపిస్తాం. ఉర్దూలో చెప్పమంటే చెప్పేవాళ్లూ మాలో ఉన్నారు.