ఒకటి రెండు చోట్ల

సాయంత్రం వార్తల చివర్లో ఆ మాట వస్తుంది. దక్షిణ కోస్తాలో ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది. పట్నంలో ఉన్నవాళ్లు అప్పటికే చానల్ మార్చేసి ఉంటారు. చిలకలూరిపేట చుట్టుపక్కల, పర్చూరు వైపు, ఒంగోలు దాటాక వచ్చే నల్లరేగడి పల్లెల్లో మాత్రం ముద్ద కలిపే చెయ్యి కాసేపు ఆగుతుంది. ఆ ఒకటి రెండు చోట్లలో మన ఊరుందా?

వాతావరణ శాఖ ఆ మాట తప్పించుకోవడానికి అనదు. వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించి పడదనుకుంటే ‘ఒకటి రెండు చోట్ల’, సగం దాకా పడుతుందనుకుంటే ‘కొన్ని చోట్ల’. సెప్టెంబరు సాయంత్రాల్లో లేచే క్యుములోనింబస్ మబ్బు అక్కడికక్కడే పెరిగి, అక్కడే కురిసి, గంటలో చల్లారిపోయే రకం. అది ఏ ఊరి నెత్తిన లేస్తుందో ముందురోజే చెప్పడం ఎవరి తరమూ కాదు. డొంకకు ఇవతల చేను తడిసి ముద్దవుతుంది, అవతలి చేలో దుమ్ము లేస్తూనే ఉంటుంది.

వాన పెద్దదా చిన్నదా అనేదానికీ వాళ్ల దగ్గర లెక్కుంది. ఒక రోజు వానంటే ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 దాకా. 15.5 మిల్లీమీటర్ల వరకూ తేలికపాటి, అది దాటితే మోస్తరు, 64.5 నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. 2.4 మిల్లీమీటర్లు, అంతకంటే తక్కువైతే అతి తేలికపాటి. పట్టికలో అన్నిటికంటే అడుగున ఉండే వాన అది.

ఆ అడుగు వానే మిరప రైతుకు నిద్ర లేకుండా చేస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ దారుల్లో వెళ్లినవాళ్లకు తెలుసు, కంటికి కల్లం కనిపించేలోపే ముక్కుకు ఘాటు తగులుతుంది. కోసిన కాయ గలగలమనేదాకా ఎండాలంటే రోజులు పడుతుంది. పొద్దు వాలగానే కాయను కుప్పగా ఎగదోసి, రాత్రి మంచు పడకుండా పట్టా కప్పుతారు. అంచుల మీద రాళ్లు, ఇసుక బస్తాలు. పొద్దున మంచు విడిచాక మళ్లీ పరుస్తారు. నీళ్లు కాయ కిందికి రాకుండా కల్లం చుట్టూ చిన్న కాలవ తీసి ఉంచేవాళ్లూ ఉంటారు. ఇంత చేసినా, మధ్యాహ్నం కాయ పరిచి ఉన్న వేళ పది నిమిషాల జల్లు పడి, ఆ తర్వాత రెండు రోజులు ఎండ మొహం చాటేస్తే చాలు, ఎర్రటి కాయ తెల్లబారుతుంది. గుంటూరు యార్డులో దాన్ని తాలు కింద వేరు చేసి, వేరే ధర కడతారు. మిల్లీమీటర్లలో చూస్తే ఆ జల్లు లెక్కలోకే రాదు.

అదే జల్లు ఆగస్టులో, అప్పుడే నాటిన మిరప నారు మీద పడి ఉంటే ఇంట్లో పండగే. వాన మారలేదు, నెల మారింది. అక్టోబరు వచ్చేసరికి ఈ పేచీ ఒకే ఇంట్లోకి వస్తుంది. రెండెకరాల్లో పత్తి విచ్చి తీతకు సిద్ధంగా ఉంటుంది, పక్క ఎకరంలో మిరప ఒక తడి కోసం చూస్తుంటుంది. పత్తికి ముసురు పడదు. తడిసిన పత్తి రంగు మారిపోతుంది. ఆ ఇంటి ఇల్లాలు దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు ఏమని కోరుకుంటుందో!

పెద్దవాళ్ల దగ్గర వేరే లెక్కలుండేవి. స్వాతి, విశాఖ కార్తెలంటే అక్టోబరు చివరి నుంచి నవంబరు మూడో వారం దాకా. బంగాళాఖాతం కుదురుగా ఉండని రోజులు. చంద్రుడి చుట్టూ గుడి కడితే వాకిట్లో మంచం మీద పడుకున్న తాత తల పైకెత్తి చూసేవాడు. దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన. బాగా ఎత్తున పరుచుకున్న పల్చటి మబ్బులోని మంచు పలుకులు వెన్నెలను వంచితే ఆ పెద్ద గుడి ఏర్పడుతుందట. వానను మోసుకొచ్చే మబ్బులకు ముందు చాలాసార్లు అలాంటి మబ్బే నడుస్తుందట. తాత లెక్క మరీ గాలిలోది కాదన్నమాట. అయినా ఇవాళ ఆ తాతే మనవడి ఫోన్లో ఉపగ్రహ చిత్రం చూసి, ‘ఇది మన వైపే తిరిగేట్టుందిరా’ అంటున్నాడు.

ముందే తెలియడం ఎంత పెద్ద విషయమో 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన చూసిన తరానికి చెప్పనక్కర్లేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటుతుందని ముందే తెలిసింది. మనుషులు జాగ్రత్తపడ్డారు. కానీ విచ్చిన పత్తి మీద, కాపు మీదున్న మిరప మీద పట్టా కప్పగలిగే వాళ్లెవరు? తెలిసి కూడా చేనును అలా వదిలేసి ఇంట్లో కూర్చున్న ఆ రెండు రాత్రులు తెలియకుండా గడిపే రాత్రులకంటే పొడుగు.

ఈ మధ్య వాన కబురు మరో పనికి కూడా అక్కరకొస్తోంది. ఊరు వదిలి వెళ్లిన పిల్లల ఫోన్లలో తామున్న ఊరి పక్కన సొంతూరి పేరు కూడా ఉంటోంది. హైదరాబాదు నుంచి కూతురు, చికాగో నుంచి కొడుకు. మాట్లాడటానికి ఏమీ తోచనప్పుడు అదొకటి ఉంటుంది. ‘నాన్నా, రేపు మన వైపు వానంట. పట్టాలు కప్పించావా?’ నాన్న మధ్యాహ్నమే కప్పించి వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. ఆ మాట చెప్పడు. ‘మంచి పని చేశావయ్యా చెప్పి, ఇప్పుడే వెళ్లి చూసుకుంటా’ అంటాడు. ఆ వెంటనే తన వంతు. ‘మీకు మైనస్ పది చూపిస్తోంది గదరా. మంచు పడకముందే కారు లోపల పెట్టుకో.’