స్టార్‌షిప్పులో ఖిబ్లా ఎటు?

మూడు నెలలుగా ఇషా తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని ఒక గది కడుతున్నాను. ఇటుకా లేదు, సిమెంటూ లేదు. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్, అదీ ముఫ్త్‌గా దొరికేదే. గది పేరు టెన్ ఫార్వర్డ్. ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’ సీరియల్లో ఎంటర్‌ప్రైజ్ అనే స్టార్‌షిప్ పదో అంతస్తులో, ముందు కొసన ఉంటుంది. 1988లో మొదలైన రెండో సీజన్లో తొలిసారి కనిపించింది. డ్యూటీ దిగినవాళ్ళు కూర్చునే బైఠక్ అనుకోండి. కౌంటర్ వెనక గైనన్, వూపీ గోల్డ్‌బర్గ్ వేసిన పాత్ర, వచ్చినవాళ్ళ గోడంతా సబర్‌తో వింటుంది. అక్కడ పోసేది నషా ఇట్టే దిగిపోయే సింథహాల్. అది హరామా కాదా అని నన్నడక్కండి, నేను ముఫ్తీని కాను.

ఇది ఫిజూల్ పని అని మా ఇంట్లో గట్టి అభిప్రాయం. నేనొప్పుకోను. ఎపిసోడ్ ఆపి, నిలబడ్డ మనిషి ఎత్తును బట్టి బల్ల ఎత్తు, బల్లను బట్టి కిటికీ కొలత తీయాలి. వెలుతురు ఇంకా కష్టం. సెట్టుకు కెమెరా వెనక దీపాలుంటాయి, గదిలో అవి కనిపించవు. ఎటునుంచి వెలుగొస్తోందో నీడల్ని చూసి అందాజా వేయాలి. ఈ మెహనత్‌లో నేర్చుకున్న హునర్ ఎక్కడికీ పోదు.

మొన్న మా భాంజీ పక్కన కూర్చుని చూసి, “మామూ, వీళ్ళు నమాజ్ ఎక్కడ చదువుతారు?” అంది.

నాకు జవాబు రాలేదు. రకరకాల గ్రహాలవాళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చునే గది అది. నేను చూసిన ఎపిసోడ్లలో అక్కడ జానమాజ్ పరిచినవాళ్ళు లేరు. ఓ మూల నేనే పెట్టేద్దామా అనిపించింది. వద్దనుకున్నాను. నకలు తీస్తున్నప్పుడు జర్రా కూడా మార్చకూడదు, అది కట్టినవాళ్ళ పనికి ఇచ్చే ఇజ్జత్. మన గది కావాలంటే పక్కన మనమే కట్టుకోవాలి. మన పిల్లలు ఇతరుల ఖ్వాబులకు రంగులేసే నౌకరీకే ఈ హునర్ నేర్చుకుంటే నాకు అఫ్సోస్.

ఇది గాల్లో మాట కాదు. 1985లో సౌదీ షహజాదా సుల్తాన్ బిన్ సల్మాన్ డిస్కవరీ షటిల్లో వెళ్ళాడు. 2007లో మలేషియా నుంచి షేక్ ముస్జఫర్ షుకోర్ రంజాన్ నెలలో అంతరిక్ష కేంద్రానికి వెళ్తుంటే, అక్కడి ఉలమా హిదాయత్‌లు రాసిచ్చారు. వీలైతే కాబా వైపు, లేదంటే దానికి సూటిగా పైనున్న చోటు వైపు, అదీ కుదరకపోతే భూమి వైపు, ఏదీ కాకపోతే ఎటైనా. రోజుకు పదహారుసార్లు భూమిని చుట్టే చోట వక్త్ ఎలా? బయల్దేరిన ఊరి టైం ప్రకారం.

అందుకే టెన్ ఫార్వర్డ్ పక్కన చిన్న గది మొదలుపెట్టాం. బ్లెండర్‌లో ‘ట్రాక్ టు’ అని ఒకటుంది. ఒక వస్తువు ఎప్పుడూ మరో వస్తువు వైపే తిరిగి ఉండేట్టు చేస్తుంది. దూరంగా ఒక చుక్క పెట్టి దానికి భూమి అని పేరిచ్చాం. నేల మీది బాణాన్ని దానికి కట్టాం. షిప్పు ఎటు తిరిగినా బాణం అటే చూపిస్తోంది.

భాంజీకి ఇంకా తసల్లీ లేదు. చెప్పులు విడిచే చోటేదీ అంటోంది.